ఎదుటివారి కథలో తన కథ: తాగుడు మానినవారి బృందాలు ఎలా పనిచేస్తాయి?

సాయంత్రం ఏడు గంటలు. పిల్లలు వెళ్లిపోయిన బడి గదిలోనో, చర్చి వెనకాల హాల్లోనో ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి. మూలన బల్ల మీద టీ ఫ్లాస్కు, కాగితపు కప్పులు. కొత్తగా వచ్చిన మనిషి తలుపు పక్కనున్న కుర్చీ చూసుకుని కూర్చుంటాడు. నచ్చకపోతే చప్పుడు కాకుండా లేచి వెళ్లిపోవచ్చని ఆయన ఆలోచన.

కాసేపటికి ఒకాయన లేచి తన పేరు చెప్పుకుంటాడు. ఇంటి పేరు చెప్పడు, ఊరు చెప్పడు. తాను తాగుబోతునని, తాగి ఇన్ని నెలలైందని చెబుతాడు. క్వార్టర్ సీసాను ముందు స్కూటర్ డిక్కీలో, తర్వాత బియ్యం డబ్బాలో, చివరికి బాత్‌రూమ్ నీళ్ల ట్యాంకులో ఎలా దాచేవాడో వివరిస్తుంటే గదిలో అందరూ నవ్వుతారు. కూతురి స్కూలు ఫీజు కట్టడానికి బయల్దేరిన రోజున ఆ డబ్బు ఎక్కడ ఖర్చయిందో చెప్పేసరికి నవ్వులు ఆగిపోతాయి. ఎవరూ 'ఛీ' అనరు. ఎవరూ సలహా ఇవ్వరు. ఆయన కూర్చుంటాడు, మరొకరు లేస్తారు.

తలుపు పక్కన కూర్చున్న మనిషికి ఇది వింతగా ఉంటుంది. అలాంటి పని లోకంలో తానొక్కడే చేశాడని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు. అదే పని చేసిన మనిషి ఇప్పుడు ఎదురుగా ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ప్రశాంతంగా టీ తాగుతున్నాడు.

ఆల్కహాలిక్స్ అనానిమస్, క్లుప్తంగా 'ఏఏ' సమావేశాలు ఎక్కడైనా దాదాపు ఇలాగే జరుగుతాయి. ఇక్కడ డాక్టరు ఉండడు, మందు బిళ్లలు ఉండవు, ఫీజు ఉండదు. మరి మాట్లాడుకున్నంత మాత్రాన తాగుడు తగ్గుతుందా? మానసిక శాస్త్రవేత్తలు, గణాంక నిపుణులు, మెదడు పరిశోధకులు దశాబ్దాలుగా ఈ ప్రశ్న వెంట పడ్డారు. వారు కనుగొన్న విషయాలు వ్యసనం గురించే కాక, మనిషి తనను తాను ఎలా చూసుకుంటాడన్న దాని గురించి కూడా చాలా చెబుతాయి.

హోటల్ నుంచి ఒక ఫోన్ కాల్

ఈ పద్ధతి 1935లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో పుట్టింది. న్యూయార్క్‌కు చెందిన షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ ఒక కంపెనీ వ్యవహారం మీద ఆ ఊరు వెళ్లాడు. పని చెడింది. ఆయన తాగుడు మాని అప్పటికి అయిదు నెలలు. హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. పక్కనే బారు. తాగకుండా ఆ సాయంత్రం గడవడం కష్టమని ఆయనకు అర్థమైంది.

అంతకుముందు న్యూయార్క్‌లో ఆయన చాలామంది తాగుబోతులను మార్చాలని చూశాడు. ఒక్కరూ మారలేదు. కానీ వారితో మాట్లాడుతున్నంత కాలం తాను మాత్రం తాగలేదు. ఆ సంగతి గుర్తొచ్చి, ఊళ్లోని ఒక చర్చికి ఫోన్ చేసి, తాగుడుతో అవస్థపడుతున్న మనిషి ఎవరైనా ఉన్నారా అని వాకబు చేశాడు. అలా స్థానిక సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్ పరిచయమయ్యాడు. పావుగంటకు మించి కూర్చోనని ముందే చెప్పి వచ్చిన డాక్టరు ఆ రోజు ఆరు గంటలకు పైగా మాట్లాడుతూ ఉండిపోయాడు.

తాగుడు చేసే హాని గురించి ఆ డాక్టరుకు ఎవరూ కొత్తగా చెప్పాల్సింది లేదు. వైద్య శాస్త్రం ఆయన చదివిందే. అయితే బోధించడానికి కాకుండా, తన కథ చెప్పుకోవడానికి, సాయం అడగడానికి వచ్చిన తాగుబోతును ఆయన చూడటం అదే మొదలు. 'పాము కాళ్లు పాముకే ఎరుక' అన్న మన సామెత అక్కడ రెండు విధాలా పనిచేసింది. ఎదుటివాడి బాధ తెలిసింది, ఎదుటివాడి సాకులూ తెలిశాయి. కొద్ది రోజులకు డాక్టర్ బాబ్ ఒక సదస్సుకు వెళ్లి మళ్లీ తాగాడు. తిరిగొచ్చాక 1935 జూన్ 10న తాగిందే ఆయన చివరిసారి. ఏఏ ఆ తేదీనే తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది.

1939లో వారు తమ అనుభవాన్ని 12 మెట్లుగా పుస్తకంలో అచ్చువేశారు. 1951లో బిల్ భార్య లోయిస్ చొరవతో, తాగేవారి కుటుంబ సభ్యుల కోసం 'ఆల్-అనాన్' ఏర్పడింది. 1953లో మాదకద్రవ్యాలకు అలవాటు పడినవారి కోసం 'నార్కోటిక్స్ అనానిమస్' మొదలైంది. మన దేశంలో ఏఏ సమావేశాలు 1957లో ఢిల్లీలో ప్రారంభమయ్యాయి.

ఒట్టు ఎందుకు నిలవదు?

తాగే మనిషి ఇంట్లో ఒట్లకు కొదవ ఉండదు. పిల్లల తల మీద చెయ్యి వేసి, దేవుడి పటం ముందు, తల్లి చావుబతుకుల్లో ఉన్నప్పుడు, ఎన్నోసార్లు ఒట్టు వేస్తాడు. ఆ క్షణాన నిజాయితీగానే వేస్తాడు. రెండు రోజులకు అది గట్టున పడుతుంది. అబద్ధాల కోరు, మాట మీద నిలబడలేని మనిషి అని ఇంట్లోవారు తీర్మానిస్తారు. ఆయనా అదే తీర్మానానికి వస్తాడు.

మెదడు శాస్త్రం ఈ వైఫల్యాన్ని మరోలా చూస్తుంది. మద్యం, మత్తు పదార్థాలు మెదడులోని తృప్తి వ్యవస్థను డోపమైన్ అనే రసాయనం ద్వారా పదేపదే ప్రేరేపిస్తాయి. కాలం గడిచేకొద్దీ ఆ వ్యవస్థ మొద్దుబారుతుంది. తిండి, ఆట, పిల్లల మాటలు లాంటి మామూలు సంతోషాలు చప్పగా అనిపిస్తాయి. తాగనప్పుడు ఆందోళన, చిరాకు పెరుగుతాయి. మరోవైపు, ముందువెనకలు ఆలోచించి 'వద్దు' అని ఆపాల్సిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనకనుండే మెదడు భాగం, బలహీనపడుతుంది. వైన్ షాపు బోర్డు, పాత స్నేహితుడి ఫోను, జీతం రోజు లాంటి సంకేతాలు కోరికను రగిలిస్తాయి. ఒట్టు వేసేది శాంతంగా ఉన్న మెదడు. దాన్ని నిలబెట్టుకోవాల్సింది మాత్రం ఒత్తిడిలో ఉన్న మెదడు.

ఆ ఒత్తిడిని పెంచే వాటిలో సిగ్గు ఒకటి. ఇక్కడ రెండు భావాలను వేరు చేసి చూడాలి. 'నేను చెడ్డ పని చేశాను' అనుకోవడం అపరాధ భావం. అది మనిషిని తప్పు దిద్దుకునే వైపు నడిపించవచ్చు. 'నేనే చెడ్డవాణ్ని' అనుకోవడం సిగ్గు, తలవంపు. దానికి దిద్దుబాటు కనిపించదు, దాక్కోవడమే కనిపిస్తుంది. దాక్కోవడానికి తాగేవాడికి తెలిసిన చోటు సీసాయే.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జెస్సికా ట్రేసీ, డేనియల్ రాండిల్స్ 2013లో ఈ విషయంపై ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్తగా తాగుడు మానినవారిని, తాగి బాధపడిన ఒక సందర్భం గురించి చెప్పమని అడిగి వీడియో తీశారు. భుజాలు కుంగిపోవడం, ఛాతీ ముడుచుకోవడం లాంటి సిగ్గు లక్షణాలను ఆ వీడియోల్లో లెక్కించారు. నెలల తర్వాత మళ్లీ కలిసి చూస్తే, శరీరంలో సిగ్గు ఎక్కువగా కనిపించినవారే మళ్లీ తాగే అవకాశం ఎక్కువగా ఉందని తేలింది. తిరిగి తాగినవారిలోనూ వారే ఎక్కువ తాగారు. బుద్ధి వస్తుందని నలుగురిలో తిట్టడం, బంధువుల ముందు పరువు తీయడం ఎందుకు పనిచేయవో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఎదుటివారిని క్షమించి, తనను చూసుకోవడం

సిగ్గుకు విరుగుడు ఏమిటి? 'నిన్ను నువ్వు క్షమించుకో' అని చెప్పడం తేలిక. ఇల్లు గుల్ల చేశానని తెలిసిన మనిషికి అది అసాధ్యం, ఒక్కోసారి అన్యాయంగా కూడా అనిపిస్తుంది. బృందం ఇక్కడ ఒక చుట్టుదారి చూపిస్తుంది.

ఫీజు డబ్బు తాగేసిన మనిషి కథ విన్నప్పుడు కొత్తగా వచ్చినాయనకు అసహ్యం కలగదు. జాలి కలుగుతుంది. పాపం, ఎంత అవస్థ పడ్డాడో అనిపిస్తుంది. ఇంటికి వెళ్తుంటే దారిలో ఒక ప్రశ్న మొదలవుతుంది: 'అదే పని నేనూ చేశాను. ఆయన మీద జాలిపడి, నన్ను మాత్రం ఎందుకు అసహ్యించుకుంటున్నాను?' ఎదుటివారికి ఇచ్చిన మినహాయింపును తనకు ఇవ్వకుండా ఉండటం కష్టమవుతుంది. తనపై తనకు కరుణ నేరుగా రాదు. ముందు మరొకరి మీద కలిగి, ఆ తర్వాత తన దాకా వస్తుంది.

బృంద చికిత్సపై 1970లో ప్రామాణిక గ్రంథం రాసిన అమెరికన్ మానసిక వైద్యుడు ఇర్విన్ యాలమ్, బృందంలో మనిషిని బాగుచేసే అంశాల జాబితాలో 'సార్వజనీనత'కు చోటిచ్చాడు. నా కష్టం నా ఒక్కడిదే కాదన్న ఎరుక అది. 2003లో మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ స్వీయ కరుణకు మూడు భాగాలున్నాయని ప్రతిపాదించింది. తన పట్ల దయగా ఉండటం, తన బాధను మనుషులందరి బాధలో భాగంగా చూడటం, ఆ బాధను పెంచకుండా, దాచకుండా ఉన్నదున్నట్టు గమనించడం. ఈ మూడూ ఒక మామూలు సమావేశంలో ఎవరూ పాఠం చెప్పకుండానే జరుగుతాయి. ముఖ్యంగా మూడోది. పది మంది కథలు వరసగా విన్నాక తన కథకు ఒక మొదలు, మధ్య ఉన్నాయని మనిషికి తెలుస్తుంది. అది శాపంలా కాకుండా, ఒక జబ్బు నడిచే దారిలా కనబడుతుంది.

దృక్పథం మారడం అంటే ఇదే. కొత్తవాడు పాతవాడిలో తన రేపటిని చూస్తాడు. ఆరేళ్లుగా తాగని మనిషి కొత్తవాడి వణికే చేతుల్లో తన నిన్నటిని చూస్తాడు. రెండోది మొదటిదాని కంటే తక్కువ విలువైనదేమీ కాదు. ఎందుకంటే మానేసి చాలా కాలమైనవారికి పొంచి ఉండే ప్రమాదం మరుపు. 'ఒక్క పెగ్గుతో ఏమవుతుంది' అన్న మాట ఆ మరుపులోంచే వస్తుంది.

సాయం చేసినవారికే ఎక్కువ మేలు

బిల్ విల్సన్ న్యూయార్క్‌లో గమనించిన సంగతికి 1965లో సామాజిక శాస్త్రవేత్త ఫ్రాంక్ రీస్‌మన్ ఒక పేరు పెట్టాడు: 'సహాయకుడికి చికిత్స' సూత్రం. సాయం పొందినవారికి మేలు జరిగిందో లేదో ఎప్పుడూ చెప్పలేం గానీ, సాయం చేసినవారికి మాత్రం మేలు జరుగుతుందన్నది దాని సారం.

దీన్ని లెక్కల్లో చూసే అవకాశం 'ప్రాజెక్ట్ మ్యాచ్' కల్పించింది. 1,726 మంది మద్యపాన రోగులపై మూడు రకాల మానసిక చికిత్సలను పోల్చి చూసిన పెద్ద అమెరికన్ పరిశోధన ఇది. ప్రధాన ఫలితాలు 1997లో వచ్చాయి. ఆ సమాచారాన్నే మరియా పగానో బృందం 2004లో మరో కోణంలో విశ్లేషించింది. చికిత్స కాలంలో తోటి మద్యపాన రోగులకు సాయపడినవారిలో 40 శాతం మంది తర్వాతి ఏడాది పాటు తాగకుండా ఉండగలిగారు. సాయపడనివారిలో అలా ఉన్నది 22 శాతమే. ఇప్పటికే మెరుగ్గా ఉన్నవారే ముందుకొచ్చి సాయం చేస్తారేమో అన్న అనుమానం సహజం. ఏఏ సమావేశాలకు ఎన్నిసార్లు వెళ్లారన్నదాన్ని లెక్కలోకి తీసుకున్నా తేడా కనిపించింది.

సాయం అంటే ఇక్కడ పెద్ద త్యాగాలు అక్కర్లేదు. కుర్చీలు వేయడం, టీ కలపడం, రాత్రి పదింటికి వచ్చిన ఫోను ఎత్తడం చాలు. ఇంట్లో ఎవరూ నమ్మి పది రూపాయలు చేతికివ్వని మనిషికి బృందం గది తాళంచెవి అప్పగిస్తుంది. ఆ తాళంచెవి ఆయన జేబులో ఉన్న రోజు ఆయన తనను తాను కొంచెం వేరుగా చూసుకుంటాడు.

ఫలితాలు ఏం చెబుతున్నాయి?

ఏఏను పరీక్షించడం కష్టం. సభ్యుల జాబితా ఉండదు, హాజరు పట్టీ ఉండదు. ఎవరి ఇష్టం కొద్దీ వారు వస్తారు కాబట్టి, మానాలన్న పట్టుదల ఉన్నవారే వస్తున్నారని వాదించవచ్చు. అందుకే పరిశోధకులు కొంతమంది రోగులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, ఏఏలో చేరేలా ప్రోత్సహించే చికిత్స ఇచ్చారు. మిగిలినవారికి ఇతర చికిత్సలు ఇచ్చి ఫలితాలను పోల్చారు.

వైద్య ఆధారాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2006లో, ఏఏ పనిచేస్తుందని గానీ పనిచేయదని గానీ తేల్చిచెప్పే ఆధారం లేదని ప్రకటించింది. 2020లో హార్వర్డ్‌కు చెందిన జాన్ కెల్లీ, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన కీత్ హంఫ్రీస్, వీరితో పాటు మారికా ఫెర్రీ కొత్త సమీక్ష వెలువరించారు. 27 అధ్యయనాలు, 10,565 మంది రోగులు. ఏఏ వైపు నడిపించే చికిత్స పొందినవారిలో దాదాపు 42 శాతం మంది ఏడాది తర్వాత పూర్తిగా తాగకుండా ఉన్నారు. ఇతర చికిత్సల్లో అది 35 శాతం. తాగే మోతాదు తగ్గడం లాంటి ఇతర కొలతల్లో రెండూ దాదాపు సమానం. వైద్య ఖర్చు కూడా తగ్గింది.

ఈ అంకెలను రెండు వైపులా చదవాలి. ఉచితంగా దొరికే బృందం, నిపుణులిచ్చే చికిత్సలతో సరితూగడం, కొన్నిచోట్ల మించిపోవడం పెద్ద విషయం. అదే సమయంలో సగానికి పైగా ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ తాగారు. ఇది మంత్రదండం కాదు.

ఎందుకు పనిచేస్తుందన్న దానిపై కూడా కెల్లీ బృందం పరిశోధించింది. 12 మెట్లలో దైవ ప్రస్తావన ఉండటం వల్ల ఆధ్యాత్మికతే ప్రధాన కారణమని చాలామంది అనుకుంటారు. వ్యసనం తీవ్రంగా ఉన్నవారిలో దానికీ కొంత పాత్ర కనిపించింది. అయితే అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపింది చుట్టూ ఉండే మనుషులు మారడం. తాగే స్నేహితులు తగ్గి, తాగని స్నేహితులు పెరగడం. పెళ్లిళ్లు, విందుల్లో తాగకుండా నెగ్గుకురాగలనన్న నమ్మకం కలగడం.

ఇది తెలుగువారికి పరిచయమున్న సంగతే. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు చుక్క ముట్టని మనిషి, మాల తీసిన వారానికే మళ్లీ వైన్ షాపు ముందు కనిపించడం ఎన్నో ఇళ్లలో అనుభవం. దాన్ని భక్తి లోపంగా చూసే బదులు, ఆ 41 రోజుల్లో చుట్టూ ఏముందో గమనించవచ్చు. రోజూ కలిసే తోటి స్వాములు, కలిసి చేసే భజన, కలిసి తినే భిక్ష, ఒకే దుస్తులు, 'స్వామీ' అన్న గౌరవమైన పిలుపు. మాలతో పాటు అదంతా ఒక్కరోజులో పోతుంది, పాత బృందం తిరిగొస్తుంది. ఏఏ లాంటి బృందాలు చేసేది ఆ తోడును 42వ రోజున కూడా నిలిపి ఉంచడం.

తోడు మెదడుకు ఎంత బలమైన బహుమతో ఎలుకలపై జరిగిన ఒక ప్రయోగం చూపింది. అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ సంస్థలో మార్కో వెనీరో, యావిన్ షాహమ్ బృందం 2018లో 'నేచర్ న్యూరోసైన్స్' పత్రికలో దాన్ని ప్రచురించింది. మెథాంఫెటమైన్‌కు అలవాటు చేసిన ఎలుకల ముందు రెండు మీటలు పెట్టారు. ఒకటి నొక్కితే మత్తు, మరొకటి నొక్కితే తలుపు తెరుచుకుని ఇంకో ఎలుకతో కాసేపు గడిపే అవకాశం. దాదాపు అన్ని ఎలుకలూ తోటి ఎలుకనే ఎంచుకున్నాయి. అయితే ఆ తోడు ఆలస్యంగా దొరికేలా చేసినప్పుడు, లేదా దాన్ని ఎంచుకుంటే కరెంటు షాకు తగిలేలా చేసినప్పుడు, అవి మళ్లీ మత్తు వైపు మళ్లాయి. ఎలుకల ఫలితాన్ని మనుషులకు యథాతథంగా అన్వయించలేం. కానీ పలకరిస్తే తిట్లే ఎదురయ్యే ఇంటికీ, తాగివచ్చినా కుర్చీ చూపించే గదికీ తేడా ఎక్కడుందో ఆ ప్రయోగం గుర్తుచేస్తుంది.

కరుణ అంటే మాఫీ కాదు

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. తాగేవాడికి కరుణ సరే, దెబ్బలు తిన్న భార్య మాటేమిటి? పుస్తెలు తాకట్టు పెట్టి సంసారం ఈడ్చినామెకు ఎవరు తోడు?

12 మెట్లను పరిశీలిస్తే ఈ ప్రశ్నను అవి దాటవేయలేదని తెలుస్తుంది. ఎనిమిదో మెట్టులో మనిషి తాను హాని చేసినవారందరి జాబితా రాయాలి. తొమ్మిదో మెట్టులో వీలైనచోటల్లా వారికి నేరుగా పరిహారం చేయాలి, అలా చేయడం వల్ల వారికి గానీ ఇతరులకు గానీ మరింత హాని కలిగే సందర్భాల్లో తప్ప. సిగ్గుతో కుంగిన మనిషి అలాంటి జాబితా రాయలేడు, మొదటి పేరు దగ్గరే సీసా వెతుక్కుంటాడు. తన మీద కొంచెం కరుణ కలిగాకే తప్పులను కళ్లెత్తి చూడగలుగుతాడు. ఆయనను క్షమించాలా లేదా అన్నది మాత్రం భార్య ఇష్టం. బృందానికి ఆ హక్కు లేదు. ఇంట్లో హింస ఉంటే, ఆయన మారేదాకా ఓపిక పట్టమని ఎవరూ ఆమెకు చెప్పకూడదు. ఆమె భద్రతే ముందు.

కుటుంబాలకూ తమదైన గది కావాలి. తెలుగు నేలపై దానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం సాగుతున్నప్పుడు రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ ఇళ్ల సంగతులూ మాట్లాడుకున్నారు. సారా తన ఒక్క ఇంటి కర్మ అనుకున్నామెకు పక్కింట్లోనూ, ఆ పక్కింట్లోనూ అదే కథ అని తెలిసింది. 1992లో దూబగుంట మహిళలు రోసమ్మ ముందు నడవగా ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. చట్టం వచ్చి పోయినా, ఆ రాత్రి బడుల్లో జరిగినది మాత్రం ఇక్కడ చర్చిస్తున్న విషయమే. ఒంటరి అవమానం నలుగురి మధ్య పెట్టగానే దాని రూపం మారింది.

మన దేశంలో అవసరం ఎంత?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిలో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. సుమారు 5.7 కోట్ల మందికి ఆ అలవాటు హాని చేసే స్థాయిలో ఉంది. వారిలో 2.9 కోట్ల మంది దానికి బానిసలు. బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. ఇంతమందికి సరిపడా మానసిక వైద్యులు దేశంలో లేరు. తోటివారి బృందాలకు ఉన్న ప్రాముఖ్యం ఈ అంతరంలోంచే వస్తుంది.

వైద్యాన్నీ బృందాన్నీ కలిపి నడిపిన ఉదాహరణ పొరుగునే ఉంది. తాగుడు కారణంగా 1979లో భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్, మరుసటి ఏడాదే చెన్నైలో టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించారు. ఆసుపత్రి దాకా రాలేని పల్లె మనుషుల కోసం 1989లో తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడి గ్రామంలో శిబిరాలు ప్రారంభించారు. ఒకే ప్రాంతం నుంచి వచ్చినవారంతా కలిసి ఉండి, వైద్యం తీసుకుని, బృందంగా మాట్లాడుకుని, కుటుంబాలతో సహా ఇంటికి వెళ్లాక కూడా ఒకరికొకరు కనిపిస్తూ ఉండటం ఆ పద్ధతి. ఆమెకు 1992లో పద్మశ్రీ లభించింది.

బృందం ఒక్కటే సరిపోదు

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదకరం. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. కొందరికి ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ, లేనివి కనిపించడం, తీవ్ర జ్వరం లాంటి లక్షణాలతో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. కాబట్టి మొదటి అడుగు డాక్టరు దగ్గరికే.

నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు కోరికను, తిరిగి తాగే అవకాశాన్ని తగ్గిస్తాయి. బృందంలో ఎవరైనా 'మందు బిళ్లలు కూడా వ్యసనమే, మానేయ్' అంటే ఆ మాట వినకూడదు. అలాగే 'తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం' అని గోడల మీద కనిపించే ప్రకటనలను నమ్మి అన్నంలో పొడులు కలపడం మంచిది కాదు. డైసల్ఫిరామ్ లాంటి మందు శరీరంలో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. ఆ మందును రోగికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

ఏఏ అందరికీ నప్పదు. దైవ భాష నచ్చనివారి కోసం 1994 నుంచి 'స్మార్ట్ రికవరీ' పనిచేస్తోంది. ఆలోచనలను, అలవాట్లను పరిశీలించి మార్చుకునే మానసిక చికిత్సా పద్ధతులు దానికి ఆధారం. మగవారు నిండిన గదిలో నోరు విప్పలేని స్త్రీల కోసం జీన్ కిర్క్‌పాట్రిక్ 1975లో అమెరికాలో 'విమెన్ ఫర్ సొబ్రైటీ' స్థాపించింది. మన దగ్గర తాగే స్త్రీకి అంటగట్టే నింద మగవాడికి అంటగట్టేదానికి ఎన్నో రెట్లు. కాబట్టి స్త్రీలకు వేరే గదుల అవసరం ఇక్కడ మరీ ఎక్కువ. గోప్యత కూడా అంతే ముఖ్యం. ఆ గదిలో విన్నది బయట టీ కొట్టు దగ్గర వినిపిస్తే బృందం అక్కడితో ముగిసినట్టే.

మళ్లీ తలుపు దగ్గరి కుర్చీ

మొదటి సాయంత్రం తలుపు పక్కన కూర్చున్న మనిషి తర్వాతి వారం కూడా రావచ్చు, రాకపోవచ్చు. వచ్చి, మూడు నెలలు తాగకుండా ఉండి, బంధువుల పెళ్లిలో ఒక రాత్రి జారిపోవచ్చు. అప్పుడు తిరిగి ఆ గదికి రావడానికి కాళ్లు ఆడవు. అంతమందికి ఏం ముఖం చూపించాలి?

ఆయన వస్తే జరిగేది ఇంతే. లేచి, నిన్న తాగానని, ఇవాళ మొదటి రోజు అని చెబుతాడు. చప్పట్లు కొడతారు. గదిలో ఉన్నవారిలో చాలామంది ఆ 'మొదటి రోజు'ను ఒకటికి మించి చూసినవారే. డాక్టర్ బాబ్ కూడా రెండోసారి మొదలుపెట్టినవాడే. సమావేశం అయ్యాక ఎవరో ఒకరు ఆయనకు టీ కప్పు అందించి, కుర్చీలు మడతపెట్టడానికి ఒక చెయ్యి వేయమంటారు.

సాయం కావాలనుకునేవారు కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446కు గానీ, టెలి-మానస్ సేవ 14416కు గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. టెలి-మానస్‌లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. తాగేవారే చేయాలని లేదు. వారి ఇంట్లోవారూ చేయవచ్చు.